విమ్ హెల్ప్: కంట్రోల్-వి, <సి-వి>, ^వి... తెలుగు గైడులో ఏది రాయాలి?

ల్యాబ్‌మాస్టారు
అందరికీ నమస్కారం. మా పాలిటెక్నిక్ లైనక్స్ ల్యాబు కోసం విమ్ ఎడిటర్ మీద తెలుగులో చిన్న గైడు రాస్తున్నాను. సగం వరకు బాగానే నడిచింది. కీల పేర్ల దగ్గరికొచ్చి ఆగిపోయాను.

విమ్ లోపలి హెల్ప్ తెరవండి. వివరణ ఇచ్చే చోటల్లా కంట్రోల్ అని క్యాపిటల్ అక్షరాల్లో రాసి, అడ్డగీత పెట్టి, పక్కన అక్షరం ఉంటుంది: కంట్రోల్-వి. మ్యాపింగుల (ఒక కీకి మనకు కావాల్సిన పని అప్పగించే కమాండ్ల) ఉదాహరణల్లో అదే <సి-వి> అయిపోతుంది. తెర మీద చూస్తే ^వి. ఎంటర్ కీ సంగతి ఇంకా చిత్రం. <సిఆర్>, <ఎంటర్>, <రిటర్న్> మూడూ ఒకటేనని హెల్పే చెబుతుంది. పైగా కంట్రోల్-ఎం కూడా అదేనట!

"సార్, ఇవన్నీ వేరే వేరే కీలా?" అని పిల్లలు అడుగుతున్నారు. అన్నీ తీసేసి విండోస్‌లో అందరికీ అలవాటైన కంట్రోల్+వి ఒక్కటే గైడంతా పెడదామనుకుంటున్నాను. ఎవరికైనా అభ్యంతరం ఉందా?

ఓరుగల్లుపోరడు
ప్లస్సే పెట్టుండ్రి సార్. వీఎస్ కోడ్ డాక్యుమెంట్లల్ల గూడ గట్లనే ఉంటది, పోరగాళ్లకు అదే అలవాటు. విమ్ హెల్ప్ రాసినోళ్లు ఎవ్వలకు వాళ్లు ఇష్టమొచ్చినట్టు రాసిన్రు, మనమెందుకు మోయాలె?

పాతటెర్మినల్
మాస్టారూ, ఒక్క నిమిషం. ఇష్టమొచ్చినట్టు రాసింది కాదు. అవి ఒకే వస్తువుకు మూడు పేర్లు కావు, మూడు వేరే వస్తువులు.

కంట్రోల్-వి అంటే మీ వేళ్లు చేసే పని. కీ పట్టుకొని ఇంకో కీ నొక్కడం. <సి-వి> అంటే ఆ పనిని విమ్‌ఆర్‌సి అనే సెట్టింగుల ఫైల్లో అక్షరాలుగా రాసే పద్ధతి. యాంగిల్ బ్రాకెట్టు, సి, అడ్డగీత, వి, మళ్లీ బ్రాకెట్టు అని అక్షరాలా టైపు చేస్తారు, మ్యాప్ కమాండు దాన్ని ఒక కీగా చదువుకుంటుంది. ^వి అంటే ఫైల్లోనో తెర మీదో ఉన్న ఒకే ఒక్క అదృశ్య క్యారెక్టర్. ఆస్కీలో, అంటే ఒక్కో క్యారెక్టర్‌కు ఒక్కో సంఖ్య ఇచ్చే పట్టికలో, దాని సంఖ్య 22. కంటికి కనబడే రూపం లేదు గనక విమ్ రెండు గుర్తులతో చూపిస్తుంది. చూడటానికి రెండు, లోపల ఒక్కటే బైటు. కర్సర్ దాని మీద పెట్టి కుడికి జరపండి, ఒక్క అంగలో రెండు గుర్తులూ దాటేస్తుంది.

మూడింటినీ కలిపి కంట్రోల్+వి అని రాశారనుకోండి, మొదటిదానికి సరిపోతుంది. రెండోదాంట్లో మ్యాపింగ్ పనిచేయదు. మూడోదాంట్లో ఏమవుతుందో కింద ఎవరో ఒకరు చెబుతారు, ఆ దెబ్బ తినని ఆఫీసు ఉండదు.

గోదారిగట్టు
నేను చెప్తానండీ. మా ఆఫీసులో ఒకాయన ఉన్నాడు, పేరొద్దులెండి. విండోస్ నుంచి వచ్చిన పేర్ల జాబితా ఫైలు విమ్‌లో తెరిచాడు. లైన్ల చివర ^ఎం, ^ఎం అని కనబడింది. ఇంటర్నెట్‌లో వెతికితే "సబ్‌స్టిట్యూట్ కమాండ్‌లో ^ఎం పెట్టి, దాని స్థానంలో ఖాళీ పెట్టండి" అని ఉంది. ఈయన శుభ్రంగా షిఫ్ట్+6తో క్యారెట్ కొట్టి, పక్కన క్యాపిటల్ ఎం కొట్టి, ఎంటర్ నొక్కాడు.

వెతుకులాటలో క్యారెట్ అంటే లైను మొదలు కదండీ. అంటే "లైను మొదట్లో ఎం ఉంటే పీకెయ్" అని చెప్పినట్టయింది. లైన్ల చివర చెత్త చెక్కుచెదరలేదు. మల్లేశం కాస్తా అల్లేశం, మాధవి ఆధవి, మోహన్ ఓహన్. సేవ్ కూడా చేసేశాడు మహానుభావుడు. మధ్యాహ్నం దాకా "ఈ అల్లేశం ఎవరండీ" అని సెక్షనంతా ఒకళ్లనొకళ్లు అడుక్కున్నాం.

ఓరుగల్లుపోరడు
అల్లేశం 😂😂 నేను ప్లస్సు మాట ఎనక్కి దీస్కుంటున్న.

మరి సరిగ్గ ఎట్ల కొట్టాలె అన్నా ఆ ^ఎం?

పాతటెర్మినల్
కంట్రోల్-వి నొక్కి వదిలేసి ఎంటర్ నొక్కాలి. "తర్వాత వచ్చే కీని అర్థం చేసుకోకు, ఉన్నదున్నట్టు పెట్టు" అని కంట్రోల్-వి చెబుతుంది. అప్పుడు తెర మీద ^ఎం పడుతుంది, అది అసలుది. ఈ గొడవంతా వద్దనుకుంటే వెతికే చోట బ్యాక్‌స్లాష్ ఆర్ అని రాస్తే చాలు, అదీ ఆ క్యారెక్టరే. కానీ మార్చి పెట్టే వైపు అదే బ్యాక్‌స్లాష్ ఆర్ రాస్తే కొత్త లైను పుడుతుంది. ఎడమ చేతికి ఒక అర్థం, కుడి చేతికి ఒక అర్థం. ఇది మాత్రం నేను సమర్థించను.

ఇంకో సంగతి. ఫైల్లో అన్ని లైన్లూ విండోస్ పద్ధతిలోనే ముగిస్తే విమ్ తనంతట తానే డాస్ ఫైలని గుర్తుపట్టి ^ఎం చూపించదు. కనబడిందంటే కొన్ని లైన్లకు ఉంది, కొన్నింటికి లేదు అని అర్థం. ఎవరో సగం ఫైలు లైనక్స్‌లో, సగం విండోస్‌లో దిద్దారన్నమాట.

ల్యాబ్‌మాస్టారు
పాతటెర్మినల్ గారూ, ఇది ఇంత లోతు ఉంటుందనుకోలేదు. ధన్యవాదాలు.

మరి ఎంటర్‌కీ కంట్రోల్-ఎంకీ చుట్టరికం ఏమిటి? పిల్లలకు ఒక పేరాలో చెప్పగలిగేలా ఉంటే బాగుంటుంది.

పాతటెర్మినల్
ఒక పేరా అంటే కష్టమే గాని ప్రయత్నిస్తాను.

టెర్మినల్‌కు కీలు తెలియవు, సంఖ్యలే తెలుసు. ఆస్కీలో క్యాపిటల్ ఎం సంఖ్య 77. కంట్రోల్ పట్టుకుంటే అందులోంచి 64 పోతుంది, మిగిలింది 13. ఆ 13కే క్యారేజ్ రిటర్న్ అని పేరు, ఎంటర్ కీ పంపేదీ అదే. ఐ అంటే 73, 64 తీస్తే 9, అది ట్యాబ్. హెచ్ 72, తీస్తే 8, బ్యాక్‌స్పేస్. తెరిచే చదరపు బ్రాకెట్టు 91, తీస్తే 27, ఎస్కేప్. అందుకే పాతకాపులు ఎస్కేప్ కోసం చెయ్యి అంత దూరం చాపకుండా కంట్రోల్-[ కొడతారు. విమ్ దాకా వచ్చేసరికి ఆ 13 ఏ కీ నుంచి వచ్చిందో చెప్పే ఆనవాలు ఏమీ మిగలదు. కిట్టీ లాంటి కొత్త టెర్మినళ్లు తేడా చెప్పే పద్ధతులు తెచ్చాయి, కానీ మీ ల్యాబులో ఉండేది మామూలు టెర్మినలే అయ్యుంటుంది.

ల్యాబ్‌మాస్టారు
ఓహో! మా విద్యార్థి ఒకడు ట్యాబ్ కీకి ఏదో మ్యాపింగ్ పెట్టుకున్నాడు. అప్పట్నుంచి కంట్రోల్-ఐ పనిచేయడం లేదని, కీబోర్డు మార్చమని నా వెంట పడ్డాడు. ఇదన్నమాట.

పాతటెర్మినల్
అదే. జంప్ లిస్టులో (కర్సర్ వెళ్లొచ్చిన చోట్ల జాబితాలో) ముందుకెళ్లే కంట్రోల్-ఐ, ట్యాబ్ ఒకే నంబరు. ఒకటి మారిస్తే రెండోదీ మారుతుంది. కీబోర్డు జోలికి పోకండి.

ఈమాక్స్‌అక్క
విమ్ గొడవలోకి ఇంకో ఎడిటర్ వాడే ఈమాక్స్‌వాళ్లు రాకూడదని రూలేమీ లేదుగా? 🙂

మా దగ్గర రాత ఒకటే: సి-ఎక్స్, ఎం-ఎక్స్. హెల్ప్‌లో, మాన్యువల్‌లో, కింద మినీబఫర్‌లో అంతటా అదే కనబడుతుంది. ఆ విషయంలో విమ్ కంటే నయం. కానీ కీల పేర్లు మాత్రం పురావస్తు శాఖకు అప్పగించాల్సినవే. ఎం అంటే మెటా. ఆ కీ మీ కీబోర్డు మీద ఎక్కడా ఉండదు, ఆల్ట్ నొక్కుకోవాలి. స్టాన్‌ఫర్డ్, ఎంఐటీ ల్యాబుల పాత కీబోర్డుల మీద నిజంగానే మెటా అని ముద్రించి ఉండేది. కీ పోయింది, పేరు మిగిలింది. మ్యాక్ మీద మామూలుగా ఆప్షన్ కీ మెటా అవుతుంది, కమాండ్ కీ సూపర్ అవుతుంది. ఇక డీఈఎల్ అని రాస్తే డిలీట్ అనుకుంటారు కదా, అది బ్యాక్‌స్పేస్. నిజం డిలీట్ కావాలంటే యాంగిల్ బ్రాకెట్లలో <డిలీట్> అని ఉంటుంది.

నాకు బాగా నచ్చింది ఇది. సి-హెచ్ కె నొక్కి, పేజ్‌డౌన్ కీ నొక్కండి. "<నెక్స్ట్>" అనే కీ "స్క్రోల్-అప్-కమాండ్"ను నడుపుతుంది అని చెబుతుంది. కీ మీద రాసింది డౌన్, ఈమాక్స్ పిలిచే పేరు నెక్స్ట్, జరిగే పని పేరు అప్! కాగితం పైకి జరుగుతుంది కాబట్టి అప్ అట. ఎక్స్ విండో సిస్టమ్‌లో పేజ్‌అప్, పేజ్‌డౌన్ కీల పేర్లు ప్రయర్, నెక్స్ట్. అక్కడి నుంచి వచ్చి పడింది.

గోదారిగట్టు
అక్కా, కింద అన్న కీ నొక్కితే పైకి పొమ్మని చెప్పే ఎడిటర్‌ను పట్టుకుని "విమ్ కంటే నయం" అంటున్నారు చూడండి, అదీ ధైర్యమంటే.

ఈమాక్స్‌అక్క
మీ విమ్‌లో యాంక్ అంటే కాపీ, మా దగ్గర యాంక్ అంటే పేస్ట్. ఏ తమ్ముడు రైటో తేల్చాక మాట్లాడుకుందాం.

మోడరేటర్
విమ్ వర్సెస్ ఈమాక్స్ యుద్ధానికి వేరే దారం ఉంది, అది ఏళ్ల తరబడి నడుస్తోంది. ఇక్కడ గైడు సంగతి చూద్దాం.

రాతకోతలు
ఆలస్యంగా వచ్చాను. సాఫ్ట్‌వేర్ డాక్యుమెంటేషన్ రాయడమే నా ఉద్యోగం, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, క్షమించాలి.

ప్లస్సా, అడ్డగీతా అన్నది కంపెనీని బట్టి పోయే అలవాటు. మైక్రోసాఫ్ట్ శైలిలో కంట్రోల్+సి. యాపిల్ శైలిలో కమాండ్-సి, అడ్డగీతతో. మెనూల్లోనైతే యాపిల్ పేర్లే రాయదు, ⌘ లాంటి గుర్తులు వేస్తుంది, వాటికీ ఒక వరుస ఉంది: కంట్రోల్, ఆప్షన్, షిఫ్ట్, చివర్న కమాండ్. ఏదైనా పర్వాలేదు, ఒక్కటే పాటిస్తే చాలు. విమ్‌కి మాత్రం ప్లస్సుతో ఒక చిక్కుంది. కంట్రోల్-డబ్ల్యూ తర్వాత ప్లస్ నొక్కితే విండో ఎత్తు పెరుగుతుంది, మైనస్ నొక్కితే తగ్గుతుంది. "కంట్రోల్+డబ్ల్యూ+" అని కాగితం మీద చూసినవాడికి చివరి ప్లస్ కీయా, అచ్చుతప్పా అన్నది తెలియదు. అడ్డగీత పెడితే మైనస్ దగ్గర అదే గొడవ.

అసలు ప్రమాదం వేరే చోట ఉంది. కలిపి నొక్కడం, ఒకదాని తర్వాత ఒకటి నొక్కడం. ఈ రెండింటికీ రాతలో తేడా లేకపోతే గైడు దండగ. వీఎస్ కోడ్‌నే తీసుకోండి, విండోస్ మీద. కంట్రోల్+కె వదిలేసి, ఉత్త ఎస్ నొక్కితే తెరిచి ఉన్న ఫైళ్లన్నీ సేవ్ అవుతాయి. కంట్రోల్+కె తర్వాత కంట్రోల్+ఎస్ నొక్కితే షార్ట్‌కట్ల పట్టిక తెరుచుకుంటుంది. తేడా అల్లా రెండోసారి కంట్రోల్ మీద వేలు ఉందా లేదా అన్నదే. ఈమాక్స్‌లోనూ అంతే. సి-ఎక్స్ సి-ఎస్ ఈ ఒక్క ఫైలును సేవ్ చేస్తుంది, సి-ఎక్స్ ఎస్ మాత్రం మార్పులున్న ఒక్కో ఫైలు గురించీ అడుగుతుంది.

కాబట్టి మాస్టారూ, గైడులో ఒక్క పేరు పెడతారా మూడు పెడతారా అన్నది తర్వాత. ముందు కలిపి నొక్కే కీలన్నీ ఒకే పెట్టెలో, వరుసగా నొక్కేవి వేరే వేరే పెట్టెల్లో పెట్టండి. హెచ్‌టీఎంఎల్‌లో రాస్తుంటే కేబీడీ ట్యాగ్ దానికోసమే ఉంది. లైనక్స్ డెస్క్‌టాప్ గ్నోమ్ హెల్ప్ రాసే మల్లార్డ్ ఫార్మాట్‌లోనైతే ఒక్కో కీకి ఒక ట్యాగ్, మొత్తం కాంబినేషన్‌కు మరో ట్యాగ్. ప్లస్ గుర్తు రచయిత టైపు చేయనే చేయడు, చూపించేటప్పుడు అదే పడుతుంది. రేపు ప్లస్ తీసేసి అడ్డగీత పెట్టాలన్నా ఒక్కచోట మారిస్తే సరిపోతుంది. లిబ్రెఆఫీస్ హెల్ప్‌లో ఇంకో అడుగు ముందుకేశారు. ఒకే వాక్యంలో మ్యాక్‌కైతే కమాండ్, మిగతావాటికి కంట్రోల్ అని రెండూ రాసి ఉంటాయి, చదివేవాడి మెషీన్‌ను బట్టి ఒకటే కనబడుతుంది.

ల్యాబ్‌మాస్టారు
చాలా ఉపయోగపడే మాటలు. గైడు లిబ్రెఆఫీస్ రైటర్‌లో టైపు చేస్తున్నాను, ట్యాగులు ఉండవు. "కీ" అని ఒక క్యారెక్టర్ స్టైల్ పెట్టుకుని చుట్టూ గీత వచ్చేలా చేస్తే సరిపోతుందా?

రాతకోతలు
భేషుగ్గా సరిపోతుంది. బోల్డ్ చేసి వదిలేయకండి, స్టైలే వాడండి.

ఓరుగల్లుపోరడు
సార్ నాదొక డౌటు. హెల్ప్‌ల కంట్రోల్ పక్కన అక్షరం ఎప్పుడూ క్యాపిటల్‌ల ఉంటది కదా. మా కాలేజీల మొదటి రోజు సగం మంది కంట్రోల్, షిఫ్ట్, డబ్ల్యూ మూడు కలిపి నొక్కిన్రు. విండో మారుడు కాదు, టెర్మినల్ ట్యాబే మూసుకపాయె. ఎడిటర్ లేదు, ఫైల్ లేదు, పోరగాళ్ల మొకాలు జూడాలె ఇగ.

పాతటెర్మినల్
గ్నోమ్ టెర్మినల్‌లో కంట్రోల్+షిఫ్ట్+డబ్ల్యూ అంటే ట్యాబ్ మూసేయమని. కంట్రోల్+షిఫ్ట్+క్యూ అంటే విండో మొత్తం మూసేయమని. హెల్ప్‌లో క్యాపిటల్ చూసి నమ్మినవాడికి ఇది ఖాయం. సేవ్ కాని మార్పులను విమ్ దాచిపెట్టే స్వాప్ ఫైలు ఉండే ఉంటుంది, ఆ ఫైలునే మళ్లీ తెరిస్తే రికవర్ చేయమంటావా అని విమ్ అడుగుతుంది.

క్యాపిటల్ ఎందుకంటే, పైన చెప్పిన లెక్క క్యాపిటల్ అక్షరాల సంఖ్యల మీద కట్టింది. 1963 నాటి మొదటి ఆస్కీలో స్మాల్ అక్షరాలే లేవు, 1967 సవరణలో వచ్చాయి. టెలిటైప్ మోడల్ 33 మెషీన్ మీద టైపు చేసినవాళ్లకు క్యాపిటల్ తప్ప ఇంకోటి కనబడేదే కాదు. స్మాల్ వి నుంచి లెక్క కట్టినా పై బిట్లు పోయి అదే 22 వస్తుంది. అందుకని కంట్రోల్ పక్కన క్యాపిటల్ అయినా స్మాల్ అయినా టెర్మినల్‌కు ఒకటే.

ల్యాబ్‌మాస్టారు
అయితే గైడులో కంట్రోల్ పక్కన అక్షరాలన్నీ స్మాల్‌లో పెట్టేస్తాను. షిఫ్ట్ నొక్కే గొడవే ఉండదు.

పాతటెర్మినల్
పెట్టండి, కానీ జాగ్రత్త. కంట్రోల్-డబ్ల్యూ తర్వాత వచ్చే అక్షరానికి ఆ మినహాయింపు వర్తించదు. కంట్రోల్-డబ్ల్యూ, తర్వాత స్మాల్ హెచ్: కర్సర్ ఎడమ విండోలోకి వెళుతుంది. కంట్రోల్-డబ్ల్యూ, తర్వాత క్యాపిటల్ హెచ్: ఇప్పుడున్న విండోనే లేచి ఎడమ అంచుకు పోతుంది. హెల్ప్‌లో ఒకే లైన్లో రెండు క్యాపిటల్ అక్షరాలు పక్కపక్కన ఉంటాయి. మొదటిది లెక్కలోకి రాదు, రెండోది వస్తుంది. ఆ లైన్లో ఎత్తిచూపరు.

విమ్ హెల్ప్ మీద నా అసలు ఫిర్యాదు ఇదొక్కటే. మూడు రాతలకూ కారణం ఉంది, ఒప్పుకుంటాను. దీనికి లేదు. కంట్రోల్ పక్కన స్మాల్ అక్షరం పెట్టి ఉంటే కొత్తవాళ్లకు సగం తిప్పలు తప్పేవి. ఇప్పుడు మారుద్దామన్నా హెల్ప్ ట్యాగులన్నీ ఆ రూపంలోనే ఉన్నాయి, వేల పుస్తకాలూ పేజీలూ వాటినే చూపిస్తున్నాయి.

ఈమాక్స్‌అక్క
(మా దగ్గర కంట్రోల్ పక్కన స్మాల్ అక్షరమే. షిఫ్ట్ కావాలంటే సి-ఎస్-ఏ అని క్యాపిటల్ ఎస్‌తో విడిగా రాస్తారు. చెప్పి వెళ్లిపోతున్నాను, మోడరేటర్ గారూ.)

గోదారిగట్టు
ఇంకో చిన్న మాటండీ మాస్టారూ. గైడు తెలుగులో కదా, కీల అక్షరాలు కూడా తెలుగులోనే రాస్తున్నారా? ఇక్కడ మనం "హెచ్" అని రాసుకుంటున్నాం, సరే. కాగితం మీద అలా రాస్తే స్మాల్ హెచ్, క్యాపిటల్ హెచ్ తేడా పోతుంది. మన లిపికి ఆ గొడవే లేదాయె.

ల్యాబ్‌మాస్టారు
లేదండీ. స్మాల్ అక్షరాల ఆలోచన కూడా మానుకున్నాను. వాక్యాలు తెలుగులో, పెట్టెలో మాత్రం కీబోర్డు మీద అచ్చయిన ఇంగ్లిష్ అక్షరమే. షిఫ్ట్ కావాల్సిన చోట షిఫ్ట్‌ను కూడా పెట్టెలో చూపిస్తాను. పిల్లవాడు కాగితం చూసి, కీబోర్డు చూసి, అదే బొమ్మ వెతుక్కోవాలి.

తెనాలిటైపిస్టు
ఇది చదువుతుంటే నాకో ప్రశ్న. నేను ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్‌తో తెలుగు టైపు చేస్తాను. విమ్‌లో తెలుగు వ్యాసం రాస్తూ ఎస్కేప్ నొక్కి సేవ్ చేద్దామని కోలన్ కొడితే ఛ వస్తోంది. సేవ్ కావడం లేదు. హెల్ప్‌లో ఏ రాత చూసినా దీని గురించి కనబడలేదు.

పాతటెర్మినల్
ఇన్‌స్క్రిప్ట్‌లో సెమీకోలన్ కీ మీద చ, షిఫ్ట్‌తో ఛ. కాబట్టి విమ్‌కు చేరింది ఛ. కర్సర్‌ను జరిపే హెచ్ జె కె ఎల్ నొక్కితే ప ర క త పంపినట్టే, కర్సర్ కదలదు. హెల్ప్ చెప్పే "కోలన్" కీ కాదు, క్యారెక్టర్. కీ మీద ఏం అచ్చయి ఉందన్నది విమ్‌కు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

సిస్టమ్ లేఅవుట్ మార్చకుండా ఎడిటర్ లోపలే తెలుగు వచ్చేలా చేసుకోవడం ఒక దారి. విమ్‌లో కీమ్యాప్ అనే ఆప్షన్ ఉంది, అది ఇన్సర్ట్ మోడ్‌లో (రాసేటప్పుడు) టైపు చేసే అక్షరాలనే మారుస్తుంది, నార్మల్ మోడ్ (ఎస్కేప్ నొక్కాక వచ్చే) కమాండ్ల జోలికి రాదు. తెలుగుకు ఫైలు మీరే రాసుకోవాల్సి రావచ్చు, కష్టమేం కాదు. ఎడమవైపు ఇంగ్లిష్ కీ, కుడివైపు తెలుగు అక్షరం, అంతే పట్టిక.

ఈమాక్స్‌అక్క
ఇప్పుడు మాత్రం నన్ను ఆపకండి. ఈమాక్స్‌లో తెలుగు-ఇన్‌స్క్రిప్ట్, తెలుగు-ఐట్రాన్స్ (ఇంగ్లిష్ స్పెల్లింగుతో తెలుగు కొట్టేది) రెండూ ముందే ఉన్నాయి. సి-\ నొక్కితే తెలుగు, మళ్లీ నొక్కితే ఇంగ్లిష్. తెలుగు నడుస్తుండగానే సి-ఎక్స్ సి-ఎస్ కొట్టి సేవ్ చేసుకోవచ్చు, కంట్రోల్ కీలను ఇన్‌పుట్ మెథడ్ ముట్టుకోదు. సి-హెచ్ హెచ్ నొక్కి చూడండి, ఎన్నో భాషల నమస్కారాల మధ్య మనదీ ఉంటుంది.

తెనాలిటైపిస్టు
అక్కా, చూశాను. "నమస్కారం" కనబడింది. కానీ మొదటిసారి సి-హెచ్ తర్వాత హెచ్‌కి కూడా కంట్రోల్ పట్టుకునే ఉన్నాను, వేరే ఏదో తెరుచుకుంది. పైన రాతకోతలు గారు చెప్పిన పెట్టెల సంగతి వెంటనే అర్థమైంది.

ల్యాబ్‌మాస్టారు
అందరి మాటలూ కలిపి ఒక పేజీ మార్చాను. నిర్ణయించుకున్నది ఇది, తప్పుంటే చెప్పండి.

చేయాల్సిన పని చెప్పే చోటల్లా పెట్టెలే. కలిపి నొక్కేవి ఒకే పెట్టెలో, వరుసగా నొక్కేవి పక్కపక్క పెట్టెల్లో. ప్లస్సూ లేదు, అడ్డగీతా లేదు. ప్రతి కమాండు చివర చిన్న అక్షరాల్లో "హెల్ప్‌లో వెతకాలంటే" అని విమ్ వాడే రూపం ఉన్నదున్నట్టు ఇస్తున్నాను. క్యారెట్ రాత మాత్రం తెర మీద ఏం కనబడుతుందో చూపించే చోటే వస్తుంది, వేరే రంగులో, "ఇది ఒక్కటే క్యారెక్టర్, టైపు చేయకండి" అన్న హెచ్చరికతో. అల్లేశం కథ కూడా పెట్టాను, గోదారిగట్టు గారి అనుమతి ఉంటే.

గోదారిగట్టు
పెట్టేయండి. ఆయన ఈ ఫోరం చదవడు.

పాతటెర్మినల్
బాగుంది. హెల్ప్‌లో వెతికేటప్పుడు కంట్రోల్ అని పూర్తిగా కొట్టనక్కర్లేదు, హెల్ప్ కమాండు పక్కన క్యారెట్, అక్షరం కొట్టినా విమ్ దాన్ని కంట్రోల్ రూపంలోకి మార్చుకుని వెతుకుతుంది. అంటే అక్కడ మాత్రం ^ నిజంగా టైపు చేయొచ్చు. మీ హెచ్చరికకు ఇదొక మినహాయింపు, పేజీ కింద ఎక్కడో రాయండి.

ఇంకోటి. ల్యాబులో విండోస్ మెషీన్ల మీద జీవిమ్ (సొంత విండోలో తెరుచుకునే విమ్) ఉంటే, అందులో విండోస్ షార్ట్‌కట్లు తెచ్చే ఎంఎస్‌విన్ స్క్రిప్టు ఆన్ అయ్యుంటే, కంట్రోల్-వి పేస్ట్ చేస్తుంది. నిలువుగా బ్లాకు సెలెక్ట్ చేయడానికి అక్కడ కంట్రోల్-క్యూ వాడాలి. పాత ^ఎం పెట్టడానికీ అదే.

రాతకోతలు
పాతటెర్మినల్ గారి రెండో పాయింటు పేజీ కింద కాదు, మొదటి పేజీలోనే ఉండాలి. ముందు కంట్రోల్-వి నొక్కి పేస్ట్ అయినవాడు తర్వాత మీ గైడును నమ్మడు.

ఓరుగల్లుపోరడు
సార్, మా నానో ఎడిటర్‌కు గూడ ఇట్ల ఒక పేజీ రాయిండ్రి. కింద బార్ల ^జి, ఎం-యు అని ఉంటయ్. నేనైతే మస్తు రోజులు ఎం నొక్కి, యు నొక్కిన. ఆల్ట్ అని హెల్ప్‌ల ఉంది గానీ, హెల్ప్ తెరువాల్నంటెనే ^జి అంటె ఏందో తెల్వాలె కదా!

గోదారిగట్టు
తాళంచెవి పెట్టె లోపలే పెట్టి తాళం వేసినట్టు.

పాతటెర్మినల్
నానోలో ఇంకో తికమక వస్తోంది. 2024లో వచ్చిన 8.0 నుంచి కంట్రోల్-ఎఫ్ వెతకడానికి. అంతకుముందు అది కర్సర్‌ను ఒక అక్షరం ముందుకు జరిపేది. మోడర్న్ బైండింగ్స్ అని ఒక ఆప్షన్ కూడా పెట్టారు. దాంతో తెరిస్తే కంట్రోల్-ఎక్స్ కట్, కంట్రోల్-సి కాపీ, కంట్రోల్-క్యూ బయటికి. ప్రోగ్రాం పేరు ఇంగ్లిష్ "e" అక్షరంతో మొదలయ్యేలా లింకు పెట్టుకున్నా ఆ ఆప్షన్ ఆన్ అయిపోతుంది. కాబట్టి నానో పేజీ రాస్తే వెర్షన్ నంబరు పైన పెట్టండి.

ల్యాబ్‌మాస్టారు
నానో తర్వాత చూద్దాం, ముందు ఇది అచ్చుకు పోనివ్వండి. విమ్‌లో చివరి సందేహం ఒకటి. ఇంతకుముందు తెరిచిన ఫైలుకు వెనక్కి వెళ్లే కమాండు హెల్ప్‌లో కంట్రోల్-^ అని ఉంది. పెట్టెలో ఏం పెట్టాలి? క్యారెట్ కావాలంటే షిఫ్ట్ పట్టుకోవాలి కదా, మూడు కీలా?

పాతటెర్మినల్
యూఎస్ లేఅవుట్ కీబోర్డు మీద కంట్రోల్, 6 చాలు. షిఫ్ట్ అక్కర్లేదు. తెర రాతలో అది ^^ అవుతుంది, భయపడకండి. ముందు ల్యాబులో ఒకసారి నొక్కి చూడండి, అన్ని టెర్మినళ్లూ ఒకేలా పంపవు.

ల్యాబ్‌మాస్టారు
ఇప్పుడే చూశాను. ల్యాబులో టెర్మినల్‌లో పనిచేసింది. పెట్టెలో కంట్రోల్, 6 పెట్టి, పక్కన హెల్ప్ రూపం ఇచ్చాను. పీడీఎఫ్ రేపు ఇక్కడే జతచేస్తాను, ఎవరైనా తమ కాలేజీలో వాడుకోవచ్చు.

ఓరుగల్లుపోరడు
ఫైల్ పేరుల వెర్షన్ నంబర్ పెట్టుండ్రి సార్, మళ్ల "ఫైనల్-ఫైనల్-2" అని పెట్టకుండ్రి.